పంజాబీ పెళ్ళి: ఎవరి పని వారిదే



ఈమధ్య మన పెళ్ళిళ్ళలో రెండు కొత్త వేడుకలు వచ్చి చేరాయి. ఒకటి మెహందీ. రెండోది సంగీత్. పెళ్ళికి రెండు రోజుల ముందు ఫంక్షన్ హాల్లో స్టేజీ కడతారు. డ్యాన్సు మాస్టారు వచ్చి స్టెప్పులు నేర్పిస్తాడు. పెదనాన్నగారు కూడా నల్ల కళ్ళజోడు పెట్టుకుని స్టేజీ ఎక్కుతారు. బాగానే ఉంటుంది. ఎవరికీ అభ్యంతరం లేదు. ఇవన్నీ ఉత్తరాది పెళ్ళిళ్ళ నుంచి, ముఖ్యంగా పంజాబీ పెళ్ళిళ్ళ నుంచి, హిందీ సినిమాల మీదుగా మన దాకా వచ్చాయి. సినిమా మనకు రంగులు తెచ్చింది, పాటలు తెచ్చింది. లోపలి సంగతి మాత్రం తేలేదు. ఆ సంగతి ఇవాళ చెప్పుకుందాం.

ఇది తెలుసుకోవడానికి ఇంకో అవసరం కూడా ఉంది. మన పిల్లలు ఢిల్లీలో, బెంగుళూరులో, టొరంటోలో ఉద్యోగాలు చేస్తున్నారు. ఆఫీసులో పంజాబీ స్నేహితులు ఉంటారు. పెళ్ళికి రమ్మని పిలుస్తారు. కొందరిళ్ళలో సంబంధమే అటు కుదురుతోంది. అంతెందుకు, హైదరాబాదులోనే అత్తాపూర్ దగ్గర సిక్కు ఛావనీ ఉంది. మహారాజా రంజిత్ సింగ్ కాలంలో నిజాం కొలువుకు వచ్చిన సిపాయిల కుటుంబాలు తరతరాలుగా అక్కడే ఉన్నాయి. రేపో మాపో మీకూ ఒక పిలుపు రావచ్చు. వెళతారు. అక్కడ డోలు మోగుతూ ఉంటుంది. ఒకరు గాజులు తొడుగుతుంటారు. ఒకరు గుర్రానికి శనగపప్పు తినిపిస్తుంటారు. ఇంకొకరు కర్రతో చేటను బాదుతుంటారు. ఏం జరుగుతోందో మనకు అంతుపట్టదు.

అందుకే ఒక చిట్కా చెబుతాను. ఒక్కటే. ఇవాళ్టి మాటలన్నీ దాని చుట్టూనే. పంజాబీ పెళ్ళిలో ఏ తంతు చూసినా, పక్కనున్నవాళ్ళను ఒక ప్రశ్న అడగండి. "ఇది చేస్తున్నది ఎవరండీ? పెళ్ళికూతురికి ఏమవుతారు?" అంతే. జవాబు దొరికిందంటే సగం పెళ్ళి అర్థమైనట్టే. ఎందుకంటే అక్కడ ప్రతి తంతుకూ ఒక హక్కుదారు ఉంటారు. మేనమామ చేయాల్సింది బాబాయి చేయడు. వదిన చేయాల్సింది అక్క చేయదు.

మేనమామతోనే మొదలుపెడదాం. మనకూ మేనమామ అంటే ముద్దే కదా. పెళ్ళికూతుర్ని బుట్టలో కూర్చోబెట్టి తెచ్చేది ఆయనే. పంజాబులో ఆయన పని చూడా. చూడా అంటే గాజుల జత. ఎరుపు, మీగడ తెలుపు కలిసి ఉంటాయి. పంజాబీ కొత్త కోడలిని వీధిలో ఎక్కడ చూసినా గుర్తుపట్టేది వాటితోనే. ఆనవాయితీ ప్రకారం మొత్తం ఇరవై ఒకటి. పూర్వం ఏనుగు దంతంతో చేసేవారు. ఇప్పుడు దంతం అమ్మకం చట్టవిరుద్ధం. అందుకే ప్లాస్టిక్కువి వస్తున్నాయి. ఏవైనా సరే, కొనాల్సింది మేనమామ. తొడగాల్సింది మేనమామ, ఆయన భార్య.

ఆ ఘట్టం దగ్గరగా చూడండి. పెళ్ళిరోజు పొద్దున్నే జరుగుతుంది. కొందరు ముందురోజు చేస్తారు. ఒక గిన్నెలో నీళ్ళు కలిపిన పచ్చిపాలు. అందులో గులాబీ రేకులు. ఆ పాలలో గాజులు వేస్తారు. ఇంటి పెద్దలు ఒక్కొక్కరూ వచ్చి ఆ గాజుల్ని తాకి దీవిస్తారు. అప్పుడు మేనమామ ఒక్కో గాజూ పైకి తీసి మేనకోడలి చేతికి ఎక్కిస్తాడు. చాలా ఇళ్ళలో ఆ పిల్ల కళ్ళు మూసేస్తారు. గాజుల మీద చున్నీ కప్పేస్తారు. పెళ్ళి ముస్తాబు పూర్తయ్యేదాకా తన చేతులు తాను చూసుకోకూడదు. ఇరవై ఏళ్ళ పిల్ల. చేతులు బరువుగా ఉన్నాయని తెలుస్తుంది. ఎలా ఉన్నాయో తెలియదు. చుట్టూ ఉన్నవాళ్ళంతా చూసి "ఎంత బాగున్నాయో" అంటుంటారు. ఆ అవస్థ మీరే ఊహించుకోండి.

గాజుల తర్వాత కలీరే. గొడుగులాగా ఉండి, గొలుసులు వేలాడే బంగారు రంగు ఆభరణాలు. వీటిని గాజులకు కట్టేది అక్కచెల్లెళ్ళు, స్నేహితురాళ్ళు. పూర్వం వీటిలో ఎండుకొబ్బరి, గవ్వలు గుచ్చి కట్టేవారు. అత్తవారిల్లు దూరం. డోలీలో దారిపొడుగునా ఆకలేస్తే ఆ కొబ్బరి నమలవచ్చు. ఇప్పుడు కారులో గంటలో చేరిపోతారు కాబట్టి కొబ్బరి పోయి రేకు మిగిలింది. కట్టిన తర్వాత పెళ్ళికూతురు పెళ్ళికాని పిల్లల తలల మీద చేతులు ఆడిస్తుంది. ఎవరి మీద ముక్క రాలితే తర్వాతి పెళ్ళి వారిదట. అమ్మాయిలు ముందు సిగ్గుపడతారు. తర్వాత వరసలో మళ్ళీ వచ్చి నిలబడతారు.

మేనమామ పని గాజులతో అయిపోలేదు. పంజాబులో తల్లి పుట్టింటి వారందరినీ కలిపి నాన్‌కే అంటారు. పెళ్ళికి ముందురోజు వాళ్ళంతా ఒక గుంపుగా వస్తారు. విడివిడిగా ఆటోల్లో దిగరు. ఊరి మొదట్లో అందరూ కలుసుకుని, పాటలు పాడుకుంటూ, బట్టలూ సామానూ పట్టుకుని నడిచి వస్తారు. గుమ్మం దగ్గర రెండు వైపులా నూనె పోసి లోపలికి పిలుస్తారు. అమ్మమ్మ చేతిలో ఒక్కోసారి చోపె ఉంటుంది. చోపె అంటే పంజాబు కుట్టుపని అయిన ఫుల్కారీలో ఒక రకం. ఎర్రటి ముతక బట్ట మీద పసుపుపచ్చ పట్టుదారంతో కుట్టిన పెద్ద దుప్పటి. ముందు, వెనక అని తేడా లేకుండా రెండు వైపులా కుట్టు ఒకేలా ఉంటుంది. మనవరాలి కోసం అమ్మమ్మ ఏళ్ళ తరబడి కుట్టేది. నలుగుపెట్టి స్నానం చేయించాక పిల్ల ఒంటికి చుట్టేది ఆ చోపెనే. ఇప్పుడు అంత ఓపికగా కుట్టేవాళ్ళు తక్కువ. పాతవి మ్యూజియాల్లో కనిపిస్తున్నాయి.

అన్నట్టు నలుగు కూడా ఉంది. శనగపిండి, పసుపు, ఆవనూనె. పిల్లను పీట మీద కూర్చోబెడతారు. తల మీద ఎర్ర గుడ్డను నలుగురు నాలుగు కొసలు పట్టుకుంటారు. ముత్తైదువలు ఒకరి తర్వాత ఒకరు రాస్తారు. మనకు కొత్తేమీ కాదు కాబట్టి దాటేద్దాం.

ఆ రాత్రి ఉంటుంది చూడండి, జాగో. దాన్ని మాత్రం దాటలేం. జాగో అంటే మేలుకోండి అని. ఇదీ నాన్‌కే వారి సొత్తే. మేనమామ భార్య నెత్తిన ఒక బిందె పెట్టుకుంటుంది. బిందె అంచు చుట్టూ పిండితో చేసిన దీపాలు వెలుగుతుంటాయి. ఇంకొకావిడ చేతిలో గజ్జెలు కట్టిన పొడుగాటి కర్ర. దాన్ని నేలకేసి కొడుతూ నడుస్తుంది. వెనకాల ఆడవాళ్ళంతా పాడుతూ వస్తారు. అర్ధరాత్రి ఊళ్ళో వీధి వీధీ తిరుగుతారు. తలుపులు కొట్టి లేపుతారు. నిద్రలేచినవాళ్ళు విసుక్కోరు. దీపాల్లో ఇంత నూనె పోస్తారు, మిఠాయి పెడతారు. ఆనక ఆ నాన్‌కే ఆడవాళ్ళు పెళ్ళివారి ఇంటి చేట తీసుకుని కర్రతో బాది బాది ముక్కలు చేస్తారు. కొత్త చేటే. ఆడపడుచు అత్తవారింట్లో, ఆ ఒక్క రాత్రి, వీళ్ళది పైచేయి. ఏడాది పొడుగునా పిల్లనిచ్చిన వాళ్ళమని తలవంచి ఉండాల్సినవాళ్ళు. ఆ రాత్రి మాత్రం ఊరంతా లేపే అధికారం వీళ్ళదే. చేటను బాదుతుంటే ఇంటాయన నవ్వుతూ చూడాల్సిందే.

చూశారా? "ఎవరు చేస్తున్నారు" అని అడిగితే చేట కథ తెలిసింది. "ఎందుకు చేస్తున్నారు" అని అడిగి ఉంటే, "ఆనవాయితీ అండీ" అనేవారు.

ఇప్పుడు సంగీత్ సంగతి. అసలు సంగీత్‌లో స్టేజీ లేదు, మైకు లేదు. మగవాళ్ళూ లేరు. పెళ్ళికి కొన్ని రోజుల ముందు నుంచే రాత్రి వంటలయ్యాక ఇరుగుపొరుగు ఆడవాళ్ళు వచ్చి చాప మీద కూర్చునేవారు. ఒకామె డోలక్ వాయిస్తుంది. ఎదురుగా ఇంకొకామె ఇనప చెంచాతో ఆ డోలక్ చెక్క మీద టకటకా తాళం వేస్తుంది. ఆ చెంచా చప్పుడు లేకపోతే పాట పాటలా ఉండదంటారు. పెళ్ళికూతురి ఇంట్లో పాడేవి సుహాగ్ పాటలు. అవి ఎక్కువగా కూతురు తండ్రితో మాట్లాడే మాటలు. పెళ్ళికొడుకు ఇంట్లో పాడేవి ఘోడీ పాటలు. అవి గుర్రం ఎక్కబోయే కొడుకును, తమ్ముణ్ణి పొగిడే పాటలు. ఈ ఇంటి పాట ఆ ఇంట్లో పాడరు. ఇక మగపెళ్ళివారు భోజనాలకు కూర్చున్నప్పుడు ఆడవాళ్ళు సిఠ్ణియాఁ అందుకునేవారు. అంటే వెక్కిరింత పాటలు. వరుడి తండ్రి బొజ్జ నుంచి మేనమామ మీసం దాకా అన్నిటినీ ఏకేస్తారు. మన వియ్యాలవారి పాటలకు చుట్టాలే. పంతొమ్మిదో శతాబ్దం చివర్లో ఆర్యసమాజం వారు, సిక్కు సంస్కర్తలు వీటిని అసభ్యమని మాన్పించాలని చూశారు. కొంత మానిపించారు కూడా. నా మటుకు నాకు, ఆ పాటలు పాడే ఆడవాళ్ళకు నోరు విప్పి మాట్లాడే చోటు వేరే ఉండేది కాదేమో అనిపిస్తుంది.

సరే, పెళ్ళికొడుకు ఇంటికి వెళదాం. అక్కడా అదే ప్రశ్న. ఎవరు, ఏమవుతారు? కళ్ళకు సుర్మా పెట్టేది వదిన. మనం కాటుక అనుకోవచ్చు. ఊరికే పెట్టదు, కానుక తీసుకుంటుంది. తలపాగా మీద సెహ్రా కట్టేది తండ్రి గానీ, అక్క మొగుడు గానీ. సెహ్రా అంటే ముఖం మీదికి జారే పూలదండల తెర. గుర్రానికి శనగపప్పు తినిపించేది, కళ్ళెం పట్టుకుని కదలనివ్వనిది అక్కచెల్లెళ్ళు. "మాకేం ఇస్తావు?" అని బేరం. బేరం తెగితేగానీ గుర్రం కదలదు. గుర్రం మీద ముందు ఒక పిల్లవాడు కూర్చుని ఉంటాడు. మేనల్లుడో, పినతండ్రి కొడుకో. అచ్చం పెళ్ళికొడుకులాగే ముస్తాబు చేస్తారు. వాణ్ణి సర్‌బాలా అంటారు. మన తోడుపెళ్ళికొడుకే.

ఊరేగింపు వచ్చాక గుమ్మం దగ్గర మిల్నీ. మన ఎదుర్కోలు లాంటిదే గానీ, లెక్క మరీ పక్కా. వరుడి తాతను వధువు తాత కౌగిలించుకుంటాడు. తండ్రిని తండ్రి. మేనమామను మేనమామ. బాబాయిని బాబాయి. పేరు పిలుస్తారు, ఇద్దరూ ముందుకు వస్తారు, దండలు మార్చుకుంటారు. ఆడపెళ్ళివారు శాలువా కప్పుతారు. కొంచెం చురుకైనవాళ్ళయితే ఎదుటివాడిని నడుం పట్టుకుని గాల్లోకి లేపేస్తారు. జనం ఈలలు వేస్తారు. మీరు కొత్తవారైతే మిల్నీ దగ్గర తప్పకుండా నిలబడండి. ఎవరు ఎవరికి ఏమవుతారో పది నిమిషాల్లో మీకే తెలిసిపోతుంది. లోపలికి వెళ్ళే దారిలో మరదళ్ళు రిబ్బను అడ్డం కడతారు. తర్వాత చెప్పులు దాస్తారు. వాళ్ళకు వరుడు ఉంగరాలు ఇస్తాడు. సొంత మరదలికి బంగారం, మిగతావారికి వెండి అని ఒక వాడుక.

ఇక అసలు పెళ్ళి. ఇక్కడ కాస్త నెమ్మదిగా చెబుతాను, వినండి. పంజాబీ పెళ్ళి అంటే ఒకే మతం పెళ్ళి కాదు. సిక్కులున్నారు. హిందువులున్నారు. సరిహద్దుకు అటువైపు ముస్లింలున్నారు. నలుగు, పాటలు, మెహందీ దాదాపు అందరివీ. పెళ్ళి తంతు మాత్రం ఎవరిది వారిదే. హిందువులు అగ్ని చుట్టూ తిరుగుతారు. తరచుగా అది రాత్రి ముహూర్తం. ముస్లింలకు నికా. సిక్కులకు ఆనంద్ కారజ్.

ఆనంద్ కారజ్ పొద్దుటి పూట జరుగుతుంది. గురుద్వారాలో, సిక్కుల పవిత్ర గ్రంథం గురు గ్రంథ్ సాహిబ్ ఎదుట. అక్కడ అగ్నిహోత్రం ఉండదు. మంగళసూత్రం తప్పనిసరి కాదు. వధూవరులు గ్రంథానికి ఎదురుగా నేల మీద కూర్చుంటారు. అప్పుడు వధువు తండ్రి లేచి వస్తాడు. వరుడి భుజం మీదున్న పొడుగాటి వస్త్రం కొస తీసి కూతురి చేతికి అందిస్తాడు. తండ్రి చేసే పని అదే. ఆ కొస పట్టుకుని ఆమె వరుడి వెంట నడుస్తుంది. నాలుగుసార్లు గ్రంథం చుట్టూ ప్రదక్షిణం. వీటిని లావాఁ అంటారు. అప్పుడు పాడేవి నాలుగో గురువు రామదాస్ గారు రచించిన నాలుగు పద్యాలు. గురు గ్రంథ్ సాహిబ్‌లో 773, 774 పుటల్లో ఉన్నాయి. ముందు ఒక పద్యం చదువుతారు. తర్వాత దాన్నే రాగయుక్తంగా పాడుతుంటే జంట ఒక చుట్టు తిరుగుతుంది. మళ్ళీ కూర్చుంటుంది. మళ్ళీ రెండో పద్యం. మాటలు పైకి పెళ్ళివి. లోపల మాత్రం జీవుడు దేవుణ్ణి చేరుకునే నాలుగు మెట్లు.

ఆ చుట్టు తిరిగేటప్పుడు చూడండి, చాలాచోట్ల గ్రంథం చుట్టూ అన్నదమ్ములు నిలబడి ఉంటారు. ఒక అన్న చెల్లెల్ని భుజం పట్టి నాలుగడుగులు నడిపించి తర్వాతివాడికి అప్పగిస్తాడు. వాడు ఇంకొకడికి. బరువైన బట్టల్లో పిల్ల తడబడకుండా సాయం. ఇక్కడ కూడా మన ప్రశ్నే పనికొచ్చింది. చేస్తున్నది ఎవరు? అన్నదమ్ములు.

ఈ పెళ్ళికి చట్టం కూడా ఉంది. అగ్ని లేకుండా జరిగిన పెళ్ళి చెల్లుతుందా అని ఒకప్పుడు సందేహం వచ్చింది. నాభా సంస్థానం యువరాజు రిపుదమన్ సింగ్ 1908లో బిల్లు పెట్టారు. తర్వాత సుందర్ సింగ్ మజీఠియా దాన్ని ముందుకు నడిపారు. 1909లో ఆనంద్ వివాహ చట్టం వచ్చింది. అందులో రిజిస్ట్రేషన్‌కు వీలు లేదు. ఆ వీలు 2012 సవరణతో కలిగింది.

ఒక తమాషా చెబుతాను. సిక్కుల నియమావళి రహత్ మర్యాదను శిరోమణి గురుద్వారా ప్రబంధక్ కమిటీ 1945లో ఆమోదించింది. పెళ్ళికి జాతకాలు, ముహూర్తాలు చూడవద్దని అందులో ఉంది. సెహ్రా కట్టవద్దని ఉంది. చేతికి తోరం కట్టవద్దని, అలకలు పనికిరావని కూడా ఉంది. అయినా ఎన్నో సిక్కు కుటుంబాల్లో గురుద్వారా గుమ్మం దాకా సెహ్రా వస్తుంది. లోపలికి వెళ్ళేముందు తీసేస్తారు. మతం మాట మతానిది, అక్క మొగుడి ముచ్చట అక్క మొగుడిది. 2023లో సిక్కుల అత్యున్నత పీఠం అకాల్ తఖ్త్ ఇంకో ఆదేశం ఇచ్చింది. సముద్రపు ఒడ్డున, రిసార్టుల్లో ఆనంద్ కారజ్ చేయవద్దని. గ్రంథం మర్యాదకు భంగం కలగకూడదనేది వారి బాధ. న్యాయమే అనిపిస్తుంది.

మీరు వెళితే ఏం చేయాలి? తల మీద గుడ్డ ఉండాలి. ఆడామగా అందరికీ. రుమాలు జేబులో పెట్టుకోండి. చెప్పులు బయట విడవండి, కాళ్ళు కడుక్కోండి. నేల మీద కూర్చోండి, కాళ్ళు గ్రంథం వైపు చాపకండి. చివర్లో కడాహ్ ప్రసాదం పెడతారు. గోధుమపిండి, నెయ్యి, చక్కెర సమపాళ్ళలో చేసిన వేడి హల్వా. రెండు చేతులూ దోసిలి పట్టండి. నెయ్యి బాగా కారుతుంది. ఆ జేబురుమాలు తల మీద ఉంటుంది కాబట్టి ఇంకొకటి కూడా తీసుకెళ్ళండి.

అప్పగింతల్లో పెళ్ళికూతురు గుప్పెళ్ళతో బియ్యం తీసి వెనక్కి, తన తల మీదుగా పుట్టింటి వైపు చల్లుతుంది. అన్నదమ్ములు కారును కొంత దూరం తోస్తారు. పూర్వం డోలీ మోసేవారు కదా, ఆ లెక్క. అవతల అత్తగారు గుమ్మంలో చెంబుతో నిలబడి ఉంటుంది. కొడుకు, కోడలి తలల చుట్టూ చెంబు తిప్పి ఆ నీళ్ళు తాను తాగబోతుంది. కొడుకు చెంబు పట్టుకుని ఆపుతాడు. మళ్ళీ తిప్పుతుంది, మళ్ళీ ఆపుతాడు. ఏడోసారికి తాగనిస్తాడు. వాళ్ళ మీదికి వచ్చే కీడంతా తల్లి తాగేస్తుందని నమ్మకం. ఈ పని ఇంకెవరికీ ఇవ్వరు. అత్తగారిదే.

పంజాబీ పెళ్ళిలో అంతా మెచ్చుకోవాల్సిందేనని నేననను. హైవేల పొడుగునా మ్యారేజీ ప్యాలెస్‌లు లేచాయి. భూమి తాకట్టు పెట్టి పెళ్ళి చేసే రైతులున్నారు. వేడుకల్లో తుపాకులు పేల్చి ప్రాణాలు తీసిన సంఘటనలు ఉన్నాయి. ప్యాలెస్‌లో ఈవెంట్ మేనేజర్ వచ్చాక చెంచాతో తాళం వేసే పిన్ని కుర్చీలో కూర్చుని ఫోను చూసుకుంటోంది. మన ఫంక్షన్ హాళ్ళలోనూ అంతే.

చివరగా ఒక ముఖ్యమైన సంగతి. కవరు. చదివింపు. మనం 116, 1116 అంటాం. వాళ్ళు 101, 501, 1101 అంటారు. చివర ఒక్క రూపాయి ఉండాలి. అందుకే కవరు మీద రూపాయి బిళ్ళ అతికించి అమ్ముతారు. పల్లెల్లో దీన్ని న్యోందా అంటారు. ఒకాయన పుస్తకం తెరిచి కూర్చుని పేరు, మొత్తం రాసుకుంటాడు. ఈ ఇచ్చిపుచ్చుకోవడాల మీద జెకియె ఎగ్లార్ అనే పరిశోధకురాలు పాకిస్తాన్ పంజాబులో ఒక పల్లెలో ఉండి, 1960లో ఏకంగా ఒక గ్రంథమే అచ్చువేశారు. బాకీ పూర్తిగా తీర్చకపోవడమే అక్కడి మర్యాద. తీసుకున్నదానికి కొంచెం ఎక్కువ కలిపి ఇవ్వాలి. అప్పుడు లెక్క తెగదు, రాకపోకలు ఆగవు. కాబట్టి కవరు మీద మీ పేరు, మీ ఊరు విడమరచి రాయండి. ఆ పుస్తకంలో ఒకసారి ఎక్కితే, మీ ఇంట్లో పెళ్ళికి వాళ్ళు తప్పకుండా వస్తారు. మీ ఫంక్షన్ హాలు వాళ్ళతో ముందే మాట్లాడి పెట్టుకోండి. వచ్చేవాళ్ళు డోలు వెంట తెస్తారు.